మీడియం ఫార్మాట్‌కు రా కన్వర్టర్ ఎంచుకోవడం ఎలా: పరీక్ష ఫ్రేముల నుంచి తుది నిర్ణయం దాకా

రా కన్వర్టర్ అంటే సెన్సార్ రికార్డు చేసిన ముడి (రా) ఫైలును ఫొటోగా మార్చే సాఫ్ట్‌వేర్. మీడియం ఫార్మాట్ అంటే మామూలు డిజిటల్ కెమెరాలకన్నా పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాలు. "నా కెమెరాకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగేవారికి ఒక్క పేరు చెప్పి పంపించేస్తే తప్పుదారి పట్టించినట్టే. ఫేజ్ వన్ బ్యాక్‌ను (కెమెరా వెనుక తగిలించే డిజిటల్ సెన్సార్ భాగం) టెక్నికల్ కెమెరాకు (లెన్స్‌ను పక్కకు, పైకి జరపగలిగే కెమెరా) తగిలించి భవనాలు తీసేవారి అవసరం వేరు, ఫుజిఫిల్మ్ జీఎఫ్ఎక్స్ కెమెరాతో స్టూడియోలో పోర్ట్రెయిట్లు తీసేవారి అవసరం వేరు.

చాలామంది ఒకే ఫైలును రెండు సాఫ్ట్‌వేర్లలో తెరిచి, తెరమీద ఏది కళగా కనిపిస్తే దాన్ని కొనేస్తారు. అలా పోల్చేది రెండు కంపెనీలు ముందే పెట్టిన డిఫాల్ట్ కర్వులను (వెలుతురు, కాంట్రాస్ట్‌ను మలిచే గీతలు), డిఫాల్ట్ షార్పెనింగ్‌ను మాత్రమే. అవి రెండు నిమిషాల్లో మార్చుకోగలిగినవి. మార్చుకోలేనివి లోపల ఉంటాయి: మీ ఫైలు పూర్తిగా తెరుచుకుంటుందా, లెన్స్ దిద్దుబాటు అందుతుందా, నీడల్లో ఏం మిగులుతుంది, రేపు ఆ సాఫ్ట్‌వేర్ మానేస్తే మీ పని ఏమవుతుంది. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది. దశలను అటూఇటూ చేయకండి. రెండో దశలో ఎగిరిపోయే సాఫ్ట్‌వేర్‌ను ఐదో దశ దాకా మోయడం దండగ.

1. ముందు మీ ఫైలు ఏమిటో తెలుసుకోండి

కెమెరా ఏ ఫార్మాట్‌లో రాస్తోందో, ఎన్ని బిట్లలో, ఏ కుదింపుతో రాస్తోందో కాగితం మీద రాసుకోండి.

- ఫేజ్ వన్ బ్యాకులు: ఐఐక్యూ. ఇందులో "ఎల్" రకం నష్టం లేని కుదింపు. "ఎస్" రకం ఫైలు చిన్నది, కానీ కొంత సమాచారం పోతుంది.
- హాసెల్‌బ్లాడ్: కార్డులో 3ఎఫ్ఆర్. ఆ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ అయిన హాసెల్‌బ్లాడ్ ఫోకస్ (Phocus) లోకి ఇంపోర్ట్ చేస్తే ఎఫ్ఎఫ్ఎఫ్.
- ఫుజిఫిల్మ్ జీఎఫ్ఎక్స్: ఆర్ఏఎఫ్.
- పెంటాక్స్ 645డీ, 645జెడ్: పీఈఎఫ్ లేదా డీఎన్‌జీ, మెనూలో ఏది పెడితే అది.
- లైకా ఎస్: డీఎన్‌జీ.
- పాత లీఫ్ బ్యాకులు: ఎంఓఎస్.

జీఎఫ్ఎక్స్ వాడేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫుజిఫిల్మ్ చిన్న కెమెరాల్లో చాలావాటికి ఉండే ఎక్స్-ట్రాన్స్ సెన్సార్ దీనిలో లేదు. జీఎఫ్ఎక్స్ అంతా మామూలు బేయర్ సెన్సారే. ఆకుల్లో పురుగుల్లాంటి గీతలు వస్తాయంటూ ఫుజి ఫైళ్ల గురించి చెప్పే జాగ్రత్తలు ఎక్స్-ట్రాన్స్‌వి. వాటిని చూసి మంచి సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టేయకండి.

తర్వాత ఫైలు బరువు లెక్కవేయండి. పిక్సెళ్ల సంఖ్యను 6తో గుణిస్తే 16 బిట్ టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే చిత్ర ఫైలు) ఎన్ని బైట్లో వస్తుంది. మూడు రంగుల చానెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, అందుకే 6.

- 50 మెగాపిక్సెళ్లు (8256 × 6192): సుమారు 307 ఎంబీ
- 100 మెగాపిక్సెళ్లు (11648 × 8736): సుమారు 610 ఎంబీ
- 150 మెగాపిక్సెళ్లు (14204 × 10652): సుమారు 908 ఎంబీ

ఇది కుదించని, ఒక్క లేయర్ ఉన్న టిఫ్ లెక్క. 100 మెగాపిక్సెళ్ల ఫొటోకు నాలుగు లేయర్లు పెడితే కుదింపు లేని డేటా 2 జీబీ దాటుతుంది. ఫొటోషాప్ మామూలు ఫైలు అయిన పీఎస్‌డీ హద్దు అదే. టిఫ్ హద్దు 4 జీబీ. ఆపైన ఫొటోషాప్ పెద్ద ఫైళ్ల ఫార్మాట్ అయిన పీఎస్‌బీలోనే దాచాలి. మీరు ఎంచుకునే సాఫ్ట్‌వేర్ పీఎస్‌బీని చూపగలదా అన్నది ఇక్కడే ప్రశ్నగా రాసిపెట్టుకోండి.

2. మొదటి జల్లెడ: ఏది తెరుస్తుంది, ఎంతవరకు తెరుస్తుంది

"సపోర్ట్ ఉంది" అన్న మాటలో మూడు మెట్లున్నాయి. మొదటిది, ఫైలు తెరుచుకోవడం. రెండోది, మీ కెమెరా మోడల్ కోసమే చేసిన రంగు ప్రొఫైల్ ఉండటం. మూడోది, లెన్స్ దిద్దుబాటు, సెన్సార్ క్యాలిబ్రేషన్ (సెన్సార్ లోపాలను దిద్దే సమాచారం), మీకు అవసరమైతే టెథరింగ్ (కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి తీయడం) కూడా పనిచేయడం. మూడో మెట్టు ఎక్కనిదాన్ని మీడియం ఫార్మాట్‌కు ప్రధాన సాఫ్ట్‌వేర్‌గా పెట్టుకోవద్దు.

క్యాప్చర్ వన్ ఫేజ్ వన్ ఇంట్లో పుట్టింది. ఐఐక్యూ ఫైల్లోనే ఉండే సెన్సార్ క్యాలిబ్రేషన్ సమాచారాన్ని పూర్తిగా వాడుకుంటుంది. జీఎఫ్ఎక్స్ తొలి మోడల్ 2017లో అమ్మకానికి వస్తే, క్యాప్చర్ వన్ దాన్ని చేర్చుకున్నది 2018లో. హాసెల్‌బ్లాడ్, పెంటాక్స్ 645 ఫైళ్లను ఏళ్ల తరబడి తీసుకోలేదు. కొనే రోజున, మీరు కొంటున్న వెర్షన్ నంబరుకు సంబంధించిన కెమెరాల జాబితాలో మీ మోడల్ పేరు అక్షరాలా ఉందో లేదో చూడండి. పాత జాబితాలను నమ్మకండి.

హాసెల్‌బ్లాడ్ ఫోకస్ ఉచితం. మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. ఆ కంపెనీ సొంత రంగుల పద్ధతి నేరుగా అందేది ఇక్కడే.

అడోబ్ లైట్‌రూమ్ క్లాసిక్, ఫొటోషాప్‌తో వచ్చే క్యామెరా రా రెండింటి వెనుక ఉన్నది ఒకే ఇంజిన్. పైన చెప్పిన ఫార్మాట్లలో దాదాపు అన్నింటినీ తెరుస్తుంది. విస్తృతిలో దీనికి సాటి తక్కువ.

డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్ తన జాబితాలో లేని కెమెరా ఫైలును అసలు తెరవదు. జాబితాలో ఉన్నా, కెమెరా-లెన్స్ జంటకు దిద్దుబాటు మాడ్యూల్ ఉంటేనే దాని గొప్పదనం కనిపిస్తుంది. అడాప్టర్‌తో పాత లెన్సులు వాడేవారికి అది అందదు.

రాథెరపీ, డార్క్‌టేబుల్ ఉచితం. ఫ్లాట్ ఫీల్డ్ (ఫ్రేమంతా వెలుతురు, రంగు సమం చేయడం), డార్క్ ఫ్రేమ్ (చీకటి ఫ్రేముతో నాయిస్ తీసేయడం), డిమొజాయికింగ్ (సెన్సార్ పిక్సెళ్ల నుంచి పూర్తి రంగు కట్టడం) పద్ధతుల ఎంపిక కావాలంటే రాథెరపీ బాగా లోతైనది. ఇలాంటి పనుల్లో డబ్బు పెట్టి కొనేవాటికన్నా ముందుంటుంది.

ఫుజిఫిల్మ్ ఎక్స్ రా స్టూడియోను ఈ వరుసలో పెట్టకండి. అది కంప్యూటర్‌ను కాకుండా యూఎస్‌బీతో కలిపిన కెమెరాలోని ప్రాసెసర్‌నే వాడుతుంది. కెమెరా జేపెగ్ రంగు అచ్చంగా కావాలనుకున్నప్పుడు పనికొస్తుంది, ప్రధాన సాధనంగా కాదు.

జల్లెడ పట్టడానికి:

- [ ] కెమెరా మోడల్ పేరు జాబితాలో ఉంది
- [ ] నేను వాడే బిట్ లోతు, కుదింపు రకం తెరుచుకుంటున్నాయి
- [ ] నా ప్రతి లెన్స్‌కూ దిద్దుబాటు ఉంది, లేదా చేత్తో చేసుకోవచ్చు
- [ ] టెథరింగ్ అవసరమైతే నా మోడల్‌కే ఉంది
- [ ] ఎల్‌సీసీ (లెన్స్ రంగు ఛాయ దిద్దుబాటు, ఆరో దశ చూడండి) లేదా ఫ్లాట్ ఫీల్డ్ ఉంది
- [ ] ట్రయల్ వెర్షన్ దొరుకుతుంది

ఇక్కడికి రెండో మూడో పేర్లు మిగలాలి. అంతకన్నా ఎక్కువ మిగిలితే మీ అవసరాలు ఇంకా తేలలేదని అర్థం.

3. పరీక్ష ఫ్రేములు తీయండి

వేరేవాళ్ల నమూనా ఫైళ్లతో ఈ పని జరగదు. మీ కెమెరా, మీ లెన్సులు, మీరు మామూలుగా తీసే వెలుతురు కావాలి. ట్రైపాడ్ వేసి, కెమెరా బేస్ ఐఎస్ఓలో (సెన్సార్ మూల సున్నితత్వంలో) తీయండి. జీఎఫ్ఎక్స్ 100లో అది 100, హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీలో 64, ఫేజ్ వన్ ఐక్యూ4 150లో 50.

1. 24 గళ్ల కలర్ చార్ట్, ఎండలో ఒకటి, మీ స్టూడియో లైటులో ఒకటి.
2. మనిషి ముఖం, పక్కనే ఆ చార్ట్. ఒకరికి బదులు వేర్వేరు మేనిఛాయల వాళ్లు ముగ్గురుంటే మంచిది.
3. ఒకే దృశ్యం ఐదు ఎక్స్‌పోజర్లలో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం): సరైనది, 2 స్టాపులు తక్కువ, 4 స్టాపులు తక్కువ, 1 స్టాపు ఎక్కువ, 2 స్టాపులు ఎక్కువ.
4. సన్నని నేత ఉన్న గుడ్డ. కెమెరాను ఒక్కో అడుగు వెనక్కి జరుపుతూ ఐదారు ఫ్రేములు.
5. దూరంగా ఉన్న చెట్ల ఆకులు, ఎఫ్/8 దగ్గర.
6. మీ అతి వెడల్పు లెన్స్‌తో ఇటుక గోడ. కెమెరా గోడకు సమాంతరంగా ఉండాలి.
7. ముదురు ఎరుపు పూలు లేదా ఎర్రటి పట్టు.
8. మీరు వాడే అత్యధిక ఐఎస్ఓలో ఒకటి, 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఒకటి.

గుడ్డ ఫ్రేము ఎందుకు అన్నిసార్లంటే, మోయిరే (నేత మీద లేని అలలు, రంగు పట్టీలు కనిపించడం) ఒక నిర్దిష్ట దూరంలోనే వస్తుంది. నేతలోని దారాల దూరం, సెన్సార్‌లోని పిక్సెళ్ల దూరం దగ్గరపడినప్పుడే అది పుడుతుంది. అడుగు ముందుంటే కనపడదు, అడుగు వెనక్కి వెళ్తే మొత్తం చొక్కా మీద పాకుతుంది. మీడియం ఫార్మాట్ సెన్సార్లకు సాధారణంగా లో-పాస్ ఫిల్టర్ (అతి సన్నని వివరాన్ని కాస్త మెత్తబరిచే పొర) ఉండదు కాబట్టి దీన్ని పరీక్షించకుండా వదలకండి.

జీఎఫ్ఎక్స్‌లో డైనమిక్ రేంజ్ సెట్టింగ్‌ను 100 దగ్గర స్థిరంగా పెట్టండి. 200, 400 పెడితే కెమెరా రా ఫైలును ఒకటి, రెండు స్టాపులు తక్కువగా రికార్డు చేస్తుంది. ఆ సమాచారాన్ని చదివి వెలుతురు పెంచే సాఫ్ట్‌వేర్ మామూలుగా, చదవనిది చీకటిగా చూపిస్తాయి. చీకటిగా చూపినదాన్ని చెడ్డదనుకునే ప్రమాదం ఉంది.

4. అన్నింటినీ ఒకే గీత మీద నిలబెట్టండి

పోలిక నిజమో అబద్ధమో ఈ దశే తేలుస్తుంది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు అరగంట కేటాయించండి.

మెట్టు 1. షార్పెనింగ్ సున్నా. లైట్‌రూమ్‌లో డిఫాల్ట్‌గా అమౌంట్ 40, రేడియస్ 1.0, డీటెయిల్ 25 ఉంటాయి. అమౌంట్‌ను సున్నా చేస్తే చాలు.

మెట్టు 2. నాయిస్ తగ్గింపు సున్నా. లైట్‌రూమ్‌లో రంగు నాయిస్ డిఫాల్ట్‌గా 25 ఉంటుంది. అదీ సున్నా.

మెట్టు 3. కర్వ్‌ను వీలైనంత చదునుగా పెట్టండి. క్యాప్చర్ వన్‌లో బేస్ క్యారెక్టరిస్టిక్స్ దగ్గర లీనియర్ రెస్పాన్స్ ఎంచుకోండి. రాథెరపీలో న్యూట్రల్ ప్రొఫైల్. డార్క్‌టేబుల్‌లో టోన్ మ్యాపింగ్ మాడ్యూల్ ఆపండి. లైట్‌రూమ్‌లో పూర్తి లీనియర్ నేరుగా దొరకదు, అడోబ్ న్యూట్రల్ పెట్టి కొంత తేడా ఉంటుందని నోట్ చేసుకోండి.

మెట్టు 4. వైట్ బ్యాలెన్స్‌ను చార్ట్‌లోని లేత బూడిద గడి మీద డ్రాపర్‌తో పెట్టండి. కెల్విన్ అంకె కాపీ చేయకండి. 5500 అన్న అంకె ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో రంగును ఇస్తుంది, ఎందుకంటే ఆ అంకెను లెక్కించేది వాటి వాటి ప్రొఫైళ్లు.

మెట్టు 5. చార్ట్‌లో మధ్య బూడిద గడి ఎస్ఆర్‌జీబీలో (తెరలకు వాడే మామూలు రంగుల పరిధి) సుమారు 120 చూపేలా ఎక్స్‌పోజర్ స్లైడర్‌ను సర్దండి. అన్నింటిలోనూ ఇదే అంకె రావాలి.

మెట్టు 6. 16 బిట్ టిఫ్, ప్రోఫొటో ఆర్‌జీబీ (చాలా విశాలమైన రంగుల పరిధి), పూర్తి సైజు, అవుట్‌పుట్ షార్పెనింగ్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేయండి.

మెట్టు 7. టిఫ్‌లకు 1, 2, 3 అని పేర్లు మార్చండి. మీకు తెలియకుండా వేరొకరు మారిస్తే ఇంకా మేలు. అన్నింటినీ ఒకే వ్యూయర్‌లో, 100 శాతం జూమ్‌లో, ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి ఆన్, ఆఫ్ చేస్తూ చూడండి.

కన్వర్టర్ లోపలే పోల్చవద్దనడానికి కారణముంది. ఫైలు తెరవగానే చాలావాటిలో ముందుగా కనిపించేది కెమెరా పొదిగిన జేపెగ్ ప్రివ్యూ. రా నుంచి తయారైన చిత్రం కొన్ని సెకన్ల తర్వాత దాని స్థానంలోకి వస్తుంది. ఆ క్షణంలో రంగు మారడం చూసి "ఈ సాఫ్ట్‌వేర్ ఫొటోను పాడు చేస్తోంది" అనుకునేవాళ్లు చాలామంది.

5. ఏం చూడాలి

*సన్నని వివరాలు.* బేయర్ సెన్సార్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగిలిన రంగులన్నీ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపినవే. ఆ ఊహ ఎంత బాగుందో దూరపు ఆకుల్లో, తీగల అంచుల్లో తెలుస్తుంది. తెల్లటి ఆకాశం ముందున్న కొమ్మ చుట్టూ ఊదా, ఆకుపచ్చ చుక్కలున్నాయా? గళ్లనుడి కట్టు లాంటి చిన్న చదరాలు అంచుల్లో కనిపిస్తున్నాయా? ఆ చదరాలు తర్వాత షార్పెనింగ్ పెట్టగానే రెట్టింపవుతాయి.

*మోయిరే.* గుడ్డ ఫ్రేముల్లో రెండు రకాలు వేరుచేసి చూడండి. ఆకుపచ్చ, గులాబీ పట్టీలు వస్తే అది రంగు మోయిరే, సాఫ్ట్‌వేర్ దాన్ని తుడవగలదు. నలుపు తెలుపు అలలు వస్తే అది వెలుగు మోయిరే, దాన్ని ఏ స్లైడరూ శుభ్రంగా తీయలేదు. క్యాప్చర్ వన్‌లో మోయిరే పరికరంలో అమౌంట్, ప్యాటర్న్ అని రెండు స్లైడర్లుంటాయి. లైట్‌రూమ్‌లో మాస్క్ గీసి ఆ భాగం వరకే తగ్గించాలి. రోజూ బట్టలు తీసేవారికి ఈ తేడా గంటల పని.

*నీడలు.* 4 స్టాపులు తక్కువ తీసిన ఫ్రేమును +4 చేయండి. మూడు చూడండి. నీడలు ఆకుపచ్చకో ఊదాకో మొగ్గుతున్నాయా? చదునైన గోడ మీద సన్నని అడ్డగీతలు సమాన దూరంలో ఉన్నాయా? నాయిస్ ఇసుకలా ఉందా, రంగు మరకల్లా ఉందా? ఫేజ్ డిటెక్ట్ (ఫోకస్ చేయడానికి వాడే) పిక్సెళ్లున్న సెన్సార్లలో ఆ అడ్డగీతలకు ఆ పిక్సెళ్ల వరుసలే కారణం కావచ్చు. రాథెరపీలో వాటికోసం ప్రత్యేకమైన ఫిల్టర్ ఉంది. ఇసుకలాంటి నాయిస్‌ను గురించి బెంగ వద్దు, ముద్రణలో అది కలిసిపోతుంది. రంగు మరకలు కలవవు.

*హైలైట్లు.* 2 స్టాపులు ఎక్కువ తీసిన ఫ్రేమును కిందికి దించండి. నుదుటి మీద మెరుపు తెలుపులోకి ఎలా జారుతోందో చూడండి. మెల్లగా జారితే మంచిది. మధ్యలో పసుపు లేదా గులాబీ అంచు కనిపిస్తే, ఒక చానెల్ నిండిపోయాక మిగతా రెండింటితో రంగు కట్టిన తీరు బాగాలేదన్నమాట.

*ఎరుపు.* ఈ పరీక్షను వదిలేసేవాళ్లే ఎక్కువ. ఎర్రటి పట్టు మీద మడతలను 100 శాతంలో చూడండి. ఒక టిఫ్‌లో దారం దారం కనిపించి, ఇంకోదానిలో అదే చోటు ఒకే ముద్ద ఎరుపుగా కనిపిస్తే సెన్సార్‌ను తప్పుపట్టకండి. ప్రొఫైల్ గానీ, ఎక్స్‌పోర్ట్ రంగుల పరిధి గానీ ఆ ఎరుపును అంచుకు నెట్టేసి కోసేసింది. ముందు రంగుల పరిధి సరిచూడండి. అది సరిగ్గా ఉన్నా ముద్దగానే ఉంటే ప్రొఫైల్‌దే లోపం.

*మేనిఛాయ.* ఇక్కడ అంకెలకన్నా కన్నే ప్రమాణం. అయితే ఒక్క ముఖం చూసి తేల్చకండి. తెల్లని ముఖాన్ని అందంగా చూపే ప్రొఫైల్, ముదురు ఛాయలో నీడవైపు చెంపను ఎర్రగానో బూడిదగానో మార్చేయవచ్చు. ముగ్గురి ఫొటోలూ పక్కపక్కన పెట్టండి.

రంగు మాత్రమే నచ్చక, మిగతా అంతా నచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కొట్టేయకండి. చార్ట్ నుంచి సొంత ప్రొఫైల్ చేసుకోవచ్చు. లైట్‌రూమ్, రాథెరపీ డీసీపీ ప్రొఫైళ్లను చదువుతాయి. క్యాప్చర్ వన్ ఐసీసీ ప్రొఫైళ్లను వాడుతుంది. డీసీపీగా చేసినది క్యాప్చర్ వన్‌లో పనికిరాదు, ఆ ఖర్చు, శ్రమ కూడా లెక్కలో వేసుకోండి.

*మూలలు.* ఇటుక గోడలో నాలుగు మూలలూ, మధ్య భాగమూ పోల్చండి. వరుసలు వంగకుండా ఉండాలి, ఇటుక అంచులకు రంగు అంచు ఉండకూడదు, మూలల్లో వెలుతురు పెంచినందుకు నాయిస్ ఎగరకూడదు. ఫుజిఫిల్మ్ జీఎఫ్ లెన్సుల దిద్దుబాటు సమాచారం రా ఫైల్లోనే ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ వాడుతోందో లేదో లెన్స్ కరెక్షన్ ఆన్, ఆఫ్ చేస్తే తెలిసిపోతుంది.

6. టెక్నికల్ కెమెరా, షిఫ్ట్ వాడేవారికి: ఎల్‌సీసీ

షిఫ్ట్ (లెన్స్‌ను సెన్సార్‌కు సమాంతరంగా జరపడం) వాడనివారు ఈ భాగం దాటేయండి. వాడేవారికి మాత్రం సాఫ్ట్‌వేర్ ఎంపికను తేల్చేది ఇదే.

వెడల్పు లెన్స్‌ను షిఫ్ట్ చేస్తే కాంతి సెన్సార్ మీద ఏటవాలుగా పడుతుంది. ఫ్రేములో ఒకవైపు ఆకుపచ్చ, మరోవైపు ఊదా ఛాయ వస్తుంది. ఐక్యూ4 150లో ఉన్న బ్యాక్‌సైడ్ ఇల్యూమినేటెడ్ సెన్సార్‌లో ఇది తక్కువ. అంతకు ముందరి ఐక్యూ3 100లో ఎక్కువ. దీన్ని దిద్దడానికి తీసే అదనపు ఫ్రేమే ఎల్‌సీసీ, తీసే తీరు ఇది:

1. ఫొటో తీయగానే షిఫ్ట్, ఎపర్చర్, ఫోకస్ ఏదీ కదపకండి.
2. పాలరంగు అక్రిలిక్ పలకను లెన్స్ ముందుకు ఆనించి పట్టుకోండి. వేళ్ల నీడ పడకూడదు.
3. పలక కాంతిని తగ్గిస్తుంది కాబట్టి షట్టర్ వేగం మాత్రమే తగ్గించండి. హిస్టోగ్రామ్ గుట్ట మధ్యలో ఉండాలి, ఏ చానెలూ నిండిపోకూడదు.
4. షిఫ్ట్ మార్చిన ప్రతిసారీ కొత్త ఎల్‌సీసీ ఫ్రేము తీయండి.
5. క్యాప్చర్ వన్‌లో ఆ ఫ్రేమును ఎంచుకుని ఎల్‌సీసీ సృష్టించి, ఫొటోకు వర్తింపజేయండి. రంగు ఛాయ, దుమ్ము తొలగింపు, సమ వెలుతురు అని మూడు ఎంపికలుంటాయి. మూలల సహజమైన చీకటి ఉంచాలనుకుంటే మూడోదాన్ని తగ్గించండి.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఇదే పనికి లైబ్రరీ మెనూలో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ ఉంది. పలక ఫ్రేము, అసలు ఫ్రేము వరుసలో పక్కపక్కన ఉండాలి. రాథెరపీలో రా ట్యాబ్‌లో ఫ్లాట్ ఫీల్డ్ ఉంటుంది. మూడింటినీ ఒకే షిఫ్ట్ ఫ్రేము మీద పరీక్షించి, ఆకాశంలో ఛాయ మిగిలిందేమో చూడండి. రోజుకు యాభై షిఫ్ట్ ఫ్రేములు తీసేవారికి క్యాప్చర్ వన్ పద్ధతి చేతికి తేలిగ్గా ఉంటుంది.

7. వేగం, టెథరింగ్

మీ కంప్యూటర్‌లోనే, గడియారం పెట్టుకుని చూడండి. 50 ఫ్రేములు ఇంపోర్ట్ చేసి ప్రివ్యూలు తయారవడానికి ఎంత సేపు? ఒక ఫ్రేము నుంచి ఇంకోదానికి వెళ్లి 100 శాతం జూమ్ చేస్తే స్పష్టపడటానికి ఎన్ని సెకన్లు? 20 ఫ్రేములు 16 బిట్ టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఎన్ని నిమిషాలు? 100 మెగాపిక్సెళ్లయితే ఆ ఇరవైకే సుమారు 12 జీబీ ఖాళీ కావాలి.

రెండో అంకెకు ఎక్కువ విలువ ఇవ్వండి. వందల ఫ్రేముల్లో కళ్లు మూసినవి, ఫోకస్ తప్పినవి ఏరేటప్పుడు ప్రతి ఫ్రేము దగ్గరా ఆ ఆలస్యం పడుతుంది. 100 మెగాపిక్సెళ్లకు 32 జీబీ ర్యామ్, 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే సౌకర్యంగా పని జరుగుతుంది. క్యాటలాగ్, క్యాష్ ఎస్ఎస్‌డీ మీదే పెట్టండి.

టెథరింగ్ కావాలంటే గంటసేపు ఆపకుండా తీసి చూడండి. మధ్యలో కావాలనే కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. సాఫ్ట్‌వేర్ మూసి తెరవకుండానే కెమెరాను గుర్తుపడుతోందా? పీకిన క్షణంలో తీసిన ఫ్రేము కార్డులో మిగిలిందా? క్లయింటు పక్కన కూర్చున్నప్పుడు ముఖ్యమయ్యేవి ఈ రెండే.

8. మల్టీషాట్ తీసేవారికి ఒక మాట

మల్టీషాట్ అంటే సెన్సార్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫ్రేములను ఒకటిగా కలపడం. 100 మెగాపిక్సెళ్ల జీఎఫ్ఎక్స్‌లో పిక్సెల్ షిఫ్ట్ 16 ఫ్రేములు తీస్తుంది. వాటిని ఫుజిఫిల్మ్ పిక్సెల్ షిఫ్ట్ కంబైనర్‌తో కలిపి, వచ్చే 400 మెగాపిక్సెళ్ల డీఎన్‌జీని మీ కన్వర్టర్‌లో తెరవాలి. హాసెల్‌బ్లాడ్ మల్టీషాట్‌ను హాసెల్‌బ్లాడ్ ఫోకస్ సాఫ్ట్‌వేర్‌లోనే కలపాలి. కాబట్టి పరీక్షించాల్సింది కలపడాన్ని కాదు, ఆ పెద్ద డీఎన్‌జీ మీ కన్వర్టర్‌లో కదులుతుందా లేదా అన్నది.

9. బయటకు వచ్చే దారి చూసుకోండి

ఒక కన్వర్టర్‌లో చేసిన ఎడిట్లు ఇంకోదానికి వెళ్లవు. రేటింగ్, కీవర్డ్‌లు ఎక్స్ఎంపీ ఫైలు (ఫొటో పక్కన ఉండే సమాచార ఫైలు) ద్వారా చాలావరకు వెళ్తాయి, కర్వులు, మాస్కులు వెళ్లవు.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో క్యాటలాగ్ నుంచి ఎక్స్ఎంపీకి రాసే ఎంపికను మొదటి రోజే ఆన్ చేయండి. క్యాప్చర్ వన్‌లో సెషన్ పద్ధతి ఎంచుకుంటే సెట్టింగులు ఫొటోల ఫోల్డర్‌లోనే ఉప ఫోల్డర్‌గా ఉంటాయి. ఆ ఫోల్డర్‌తో సహా బ్యాకప్ చేయాలి. రాథెరపీ ప్రతి ఫొటో పక్కన పీపీ3 ఫైలు పెడుతుంది.

చందా ఆపితే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలు చూడటం, ఎక్స్‌పోర్ట్ చేయడం మిగులుతాయి, డెవలప్ మాడ్యూల్ మూసుకుపోతుంది. ఒకేసారి కొనే లైసెన్స్ అయితే పాత వెర్షన్ పనిచేస్తూనే ఉంటుంది, కానీ తర్వాత కొన్న కెమెరా ఫైలు దానిలో తెరుచుకోదు. పాత అడోబ్ వెర్షన్ వాడేవారికి ఉచిత డీఎన్‌జీ కన్వర్టర్ ఆ అడ్డంకి దాటిస్తుంది. అయితే డీఎన్‌జీ చేశాక అసలు రా ఫైలును తుడిచేయకండి. కంపెనీ సొంత సమాచారాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌కు ఆ అసలు ఫైలే కావాలి.

10. తరచూ వచ్చే సమస్యలు, వాటి మూలం

- ఫొటో చదునుగా, ప్రాణం లేనట్టుంది. లీనియర్ కర్వ్ పరీక్ష తర్వాత అలాగే మిగిలిపోయింది. పనికి మామూలు కర్వ్ పెట్టండి.
- ఆకులు పెళుసుగా, గీరినట్టున్నాయి. షార్పెనింగ్ రేడియస్ ఎక్కువ. లో-పాస్ ఫిల్టర్ లేని ఫైలుకు 0.5 నుంచి 0.8 మధ్య మొదలుపెట్టండి.
- ఆకాశంలో మెట్లు మెట్లుగా పట్టీలు. ఎక్కడో 8 బిట్లలో ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటారు. ప్రోఫొటోకు 16 బిట్లు తప్పనిసరి.
- టిఫ్ వేరే ప్రోగ్రామ్‌లో వెలిసిపోయినట్టుంది. ఆ ప్రోగ్రామ్ ప్రొఫైల్‌ను చదవడం లేదు. చూపించడానికి ఎస్ఆర్‌జీబీ కాపీ వేరుగా ఇవ్వండి.
- ఎల్‌సీసీ పెట్టాక ఛాయ ఇంకా పెరిగింది. వేరే షిఫ్ట్ లేదా వేరే ఎపర్చర్‌తో తీసిన ఫ్రేము వర్తించింది. ఫ్రేముల జతలు సరిచూడండి.
- ప్రతి ఫ్రేములో ఒకేచోట మచ్చ. సెన్సార్ మీద దుమ్ము. సాఫ్ట్‌వేర్ మార్చాల్సిన పని లేదు, శుభ్రం చేయండి.
- ఒకే ఫొటో రెండు వెర్షన్లలో వేర్వేరుగా ఉంది. అప్‌డేట్‌తో ప్రాసెసింగ్ ఇంజిన్ మారింది. పాత ఫొటోలను పాత ఇంజిన్‌లోనే ఉంచే ఎంపిక ఉంటే వాడండి.

11. ఎవరికి ఏది

ఫేజ్ వన్ బ్యాక్ ఉన్నవారు క్యాప్చర్ వన్‌తో మొదలుపెట్టండి. వేరేది ఎంచుకోవడానికి గట్టి కారణం దొరికితేనే మారండి.

హాసెల్‌బ్లాడ్ వారికి రెండూ కలిపి వాడటం బాగుంటుంది. పెద్ద సంఖ్యలో ఫొటోలు ఏరడం, సర్దడం లైట్‌రూమ్‌లో, చివరకు ఎంపికైన ఐదారు ఫ్రేములకు టిఫ్ తీయడం హాసెల్‌బ్లాడ్ ఫోకస్‌లో.

జీఎఫ్ఎక్స్ వారికి దారులు ఎక్కువ. రోజంతా టెథరింగ్ అయితే క్యాప్చర్ వన్, ఏళ్ల ఫొటోల నిల్వను ఒకేచోట నడపాలంటే లైట్‌రూమ్ క్లాసిక్. ఫిల్మ్ సిమ్యులేషన్లు (ఫుజిఫిల్మ్ రంగుల శైలులు) రెండింటిలోనూ దొరుకుతాయి, ఆ ఒక్క కారణంతో ఏదీ ఎంచుకోనక్కర్లేదు.

పెంటాక్స్ 645, లైకా ఎస్ వారు లైట్‌రూమ్‌ను, రాథెరపీని పక్కపక్కన పరీక్షించండి. డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే రాథెరపీ ఒక్కటే చాలు, నేర్చుకోవడానికి నాలుగు వారాలు ఓపిక పట్టాలి.

కొనే ముందు చివరి తనిఖీ:

- [ ] పేర్లు దాచి పోల్చినప్పుడు నాకు నచ్చినది ఇదే
- [ ] నీడలు, ఎరుపు, మూలలు మూడూ చూశాను
- [ ] నా కంప్యూటర్‌లో కాలం కొలిచాను
- [ ] ఒక పూర్తి అసైన్‌మెంట్‌ను ట్రయల్‌లోనే ముగించాను
- [ ] సెట్టింగులు ఎక్కడ దాస్తుందో, బ్యాకప్ ఎలాగో తెలుసు
- [ ] చందా ఆగితే ఏమవుతుందో తెలుసు

పరీక్ష ఫ్రేముల ఫోల్డర్‌ను, అప్పుడు తీసిన టిఫ్‌లను పడేయకండి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ 4 స్టాపులు తక్కువ తీసిన ఫ్రేమును, ఎర్రటి పట్టును కొత్త వెర్షన్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి పాత టిఫ్ మీద లేయర్‌గా పెట్టి చూడండి. చేతిలో పని నడుస్తుండగా మాత్రం అప్‌డేట్ చేయకండి. ఆ అసైన్‌మెంట్ అప్పగించాకే చేయండి.